గోల్కొండ దుర్గం

ఇటలీ దేశం నడుమ తితానో పర్వతంపై శాన్ మారినో అనే చిన్న రాజ్యం ఉంది. దాని వైశాల్యం సుమారు 61 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కొండకొమ్ములపై నిలిచిన మూడు ప్రాచీన బురుజులు దానికి శోభ. అటువంటి గిరిదుర్గ వైభవాన్ని చూడగోరే మనం సముద్రాలు దాటవలసిన పనిలేదు. జల్‌పల్లి నుండి వాయవ్య దిశగా సాగితే గోల్కొండ దర్శనమిస్తుంది.

కాకతీయుల కాలంలో ఇది మట్టికోట. 'గొల్లకొండ' అనే పేరే గోల్కొండ అయిందని చెబుతారు. 1518 నుండి 1687 వరకు ఏలిన కుతుబ్‌షాహీలు దీనిని రాతి దుర్గంగా తీర్చిదిద్దారు. బాలాహిస్సార్ ద్వారం వద్ద చప్పట్లు చరిస్తే ఆ ధ్వని కొండశిఖరాన వినిపిస్తుంది. ఇది వినోదానికి కాదు. శత్రువుల రాకను పైనున్న కావలివారికి తెలిపే ఏర్పాటు. మట్టి గొట్టాల ద్వారా నీటిని అంచెలంచెలుగా పైకి చేర్చేవారు. కంచర్ల గోపన్న బందీగా గడిపాడని చెప్పే చెరసాల కూడా ఇక్కడే ఉంది.

1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ఈ కోటను ముట్టడించింది. ఫిరంగులకు లొంగని దుర్గం, లోపలివాడొకడు రాత్రివేళ ద్వారం తెరవడంతో లొంగిపోయింది. అబ్దుల్ రజాక్ లారీ మాత్రం ఒళ్లంతా గాయాలైనా పోరాటం విడువలేదు. గోడ ఎంత దృఢమైనా దానిని నిలిపేది మానవుని విశ్వాసమే. నేడు ఆ రాళ్లపై తమ పేర్లు చెక్కే సందర్శకులు చేసేది కూడా ఇంటిదొంగ పనే. చూడవచ్చిన మనమే ఈ కోటకు కావలివారము కావాలి.