కొండెక్కితే సరా... క్షేమంగా దిగాలిగా!

ఆదివారం తెల్లవారకముందే సింధియా దాటి యారాడ ఘాట్‌ రోడ్డు ఎక్కడం మొదలెట్టారు. పిల్లలు ముందు పరుగులు తీస్తున్నారు. సగం దూరం వెళ్లేసరికి మీకు ఛాతీలో ఏదో బరువు. రాత్రి తిన్నది అరగలేదేమో, గ్యాస్‌ అయ్యుంటుందని సర్దిచెప్పుకొంటారు. ఇంతదాకా వచ్చి వెనక్కి తిరిగితే పిల్లలు నవ్వుతారని మరో మలుపు ఎక్కుతారు. కొండ మీద చేసే పొరపాట్లలో పెద్దది ఇదే.

ఎత్తు కాదు, ఉక్కపోత

ఆల్ప్స్‌, హిమాలయాల్లో సుమారు 2,500 మీటర్లు దాటాక గాలి పలచబడి తలనొప్పి, వాంతుల వంటివి మొదలవుతాయి. మన విశాఖ కొండలకు ఆ బెడద లేదు. ఇక్కడి చిక్కు వేరు. కిలోమీటరు ఎత్తు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే 300 మీటర్లు ఎక్కినా తగ్గేది రెండు డిగ్రీలే. దానికి సముద్రపు తేమ తోడవుతుంది. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. తేమగాలిలో అది ఆరదు, కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. పైగా 300 మీటర్లు ఎక్కడమంటే వంద అంతస్తుల మెట్లెక్కినట్లే!

నెల ముందు నుంచే...

2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్‌ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. చిన్న కొండతో మొదలెట్టడం మనకూ మంచిదే. వారానికి నాలుగైదు రోజులు అరగంట నడవండి. తర్వాత అపార్ట్‌మెంట్‌ మెట్లు, ఆపైన కైలాసగిరి మెట్లు. మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. మాట తెగిపోతుంటే నెమ్మదించండి.

గుండెజబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు, నలభై దాటాక తొలిసారి ఎక్కేవారు ముందుగా డాక్టర్‌ను కలవాలి. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఇన్సులిన్‌, కొన్ని షుగర్‌ మాత్రలు వేసుకునేవారికి ఎక్కేటప్పుడు షుగర్‌ పడిపోవచ్చు. సొంతంగా మందులు మానొద్దు. ఆరోజు మోతాదు ఎలాగో అడిగి తెలుసుకోండి. జేబులో గ్లూకోజ్‌ ఉంచుకోండి.

సంచిలో ఏముండాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. తెల్లవారుతూనే బయల్దేరి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. ఇడ్లీ, అరటిపండు లాంటివి తిని మొదలెట్టండి. ఇరవై నిమిషాలకోసారి కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. చెమట ఎక్కువగా పోతుంటే ఓఆర్‌ఎస్‌ తీసుకోండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. గుండె, కిడ్నీ సమస్యలున్నవారు డాక్టర్‌ చెప్పిన కొలత దాటొద్దు. కొండపై నౌకాదళ ప్రాంతాలున్నాయి కాబట్టి అందరికీ తెరిచి ఉన్న దారిలోనే వెళ్లండి.

దిగేటప్పుడే మోకాళ్లకు పరీక్ష

ఎక్కడంలో ఆయాసం, దిగడంలో నొప్పి. దిగుతున్నప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అడుగడుగునా బ్రేకు వేస్తున్నట్లన్నమాట. అందుకే మర్నాడు, ఆ మర్నాడు కాళ్లు పట్టేస్తాయి. చిన్న అడుగులు వేయండి, మోకాళ్లు కాస్త వంచి ఉంచండి, చేతికర్ర వాడండి. వేళ్లకు చోటున్న బూట్లు వేసుకోండి. రెండు మూడు రోజుల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. మోకాలు వాచినా, మూత్రం కోలా రంగులో వచ్చినా డాక్టర్‌ దగ్గరికి వెళ్లాల్సిందే.

కిందికి రాగానే యారాడ బీచ్‌ ఊరిస్తుంది. ఇక్కడి కెరటాలు ప్రమాదకరం. అలసిన కాళ్లతో నీళ్లలోకి దిగొద్దు. ఒడ్డునే కూర్చోండి.

వెనుదిరగాల్సిన గుర్తులు

* ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు: అక్కడే కూర్చుని 108కి ఫోన్‌ చేయండి. మహిళలకు, మధుమేహులకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసమే ఉండొచ్చు.
* తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం: నీడలో పడుకోబెట్టి, గుక్కగుక్కగా ఓఆర్‌ఎస్‌ పట్టండి. ఆరోజుకు ఎక్కడం ఆపేయండి.
* ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే. 108ని పిలిచి, ఒంటిపై నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయొద్దు.

బయల్దేరే ముందే ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరు 'ఇక చాలు' అన్నా, కారణం అడక్కుండా అందరూ కలిసి దిగాలి. నాన్నయినా సరే, ఆ మాట అనడానికి సిగ్గుపడకూడదు. యారాడ కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.