గాజుతంతువు కొరకు ఎదురుచూచు గ్రామము

రోడ్డు ఎప్పుడు పడును, కరెంటు ఎప్పుడు వచ్చును, మంచినీటి కుళాయి ఎప్పుడు వేయుదురు అని మన పల్లెలలో పెద్దలు రచ్చబండపై కూర్చుండి చర్చించుకొనుట తరతరములుగా నున్నదే. ఆ వరుసలో నేడు మరియొకటి చేరినది. వెండ్రుకవంటి గాజుపోగులో వెలుగును పంపి, ఆ వెలుగుమీద మాటను, బొమ్మను, లెక్కను మోసుకొనిపోవు కాంతితంతువు, అనగా ఫైబరు, మా ఊరికి ఎప్పుడు వచ్చునని గ్రామస్థులు అడుగుచున్నారు. పట్టణవాసికి ఇది వినోదమునకు సంబంధించిన ప్రశ్నగా తోచవచ్చును. ఆరోగ్య ఉపకేంద్రములో బల్లమీద కూర్చున్న రోగికి అట్లు తోచదు.

మన దేశమున మైదాన ప్రాంతములలో 5,000 మంది జనాభాకును, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 మందికిని ఒక ఉపకేంద్రము ఉండవలెనని ప్రమాణము. 2018 నుండి వీటిని ఆరోగ్య, స్వస్థతా కేంద్రములుగా తీర్చిదిద్దుట ఆరంభమైనది. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు మారినది. ఇక్కడ సామాన్యముగా వైద్యుడు ఉండడు. శిక్షణ పొందిన సామాజిక ఆరోగ్యాధికారిణి యుండును. ఆమె రోగిని పరీక్షించి, రక్తపోటును, రక్తములోని చక్కెరను చూచి, తన శక్తికి మించిన విషయమైనచో ఈ-సంజీవని అను ఏర్పాటు ద్వారా దూరమునున్న వైద్యునితో రోగిని మాట్లాడించును. మొహాలీయందలి సి-డాక్ సంస్థ రూపొందించిన ఈ ఏర్పాటు 2019 నవంబరులో ఆరంభమైనది. రాష్ట్రములలో దీనిని మొట్టమొదట అమలుపరచినది ఆంధ్రప్రదేశ్. 2023 ఫిబ్రవరి నాటికే దీని ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి.

అంకె గొప్పదే. కాని ఆ సంప్రదింపు జరుగు తీరును గమనింపవలెను. సెల్‌ఫోను సిగ్నలు సరిగా అందని ఊరిలో మధుమేహముతో కాలికి పుండుపడిన వృద్ధురాలు ఉపకేంద్రమునకు వచ్చుననుకొందము. ఆరోగ్యాధికారిణి తెరను ముట్టగా అవతల వైద్యుని ముఖము కనబడును. ఒక్క క్షణములో ఆ ముఖము నోరు తెరచినది తెరచినట్లే బిగిసిపోవును. మాట ముక్కలుముక్కలుగా వినబడును. పుండును చూపవలెనన్నచో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవును. పుండు అంచు ఎర్రగా నున్నదా, నల్లబడినదా అని వైద్యుడు అడుగుచుండగనే సంబంధము తెగిపోవును. అంతట ఆమె ఫోను పట్టుకొని నీళ్లట్యాంకు గట్టువరకో, మేడమెట్ల పైవరకో పోయి సిగ్నలు వెదకుకొనును. వృద్ధురాలు మెట్లెక్కజాలదు. పుండు ఒకచోట, సిగ్నలు మరొకచోట! ఎరుపునకును నలుపునకును గల భేదము మీదనే ఆ కాలు నిలుచునా లేదా అను సంగతి ఆధారపడి యుండుటచేత, ఈ చిక్కును చిన్నదిగా నెంచరాదు.

ఈ గాజుతంతువు వార్తల రంగమున స్థిరపడుటకు ముందే వైద్యుని చేతిలో పనిచేసినదన్న విషయము చాలమందికి తెలియదు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, సన్నని గాజుపోగులను కట్టగా కట్టి వాటి గుండ బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించెను. ఆ మార్గముననే పరిశ్రమించి బేసిల్ హిర్షోవిట్స్ అను వైద్యుడు 1957లో, వంగు గొట్టముతో కడుపులోని పుండును కంటితో చూచు సాధనమును ఉపయోగములోనికి తెచ్చెను. కపానీకి మరణానంతరము 2021లో పద్మవిభూషణ్ పురస్కారము ప్రకటింపబడినది.

అయితే అరచేతి దూరము పోవు వెలుగు వేరు, ఆమడల దూరము పోవు వెలుగు వేరు. నాటి గాజులో వెలుగు కొలది మీటరులలోనే ఆరిపోయెడిది. లోపము గాజు స్వభావములో లేదనియు, అందలి మలినములలో నున్నదనియు 1966లో ఛార్లెస్ కావో నిరూపించెను. కిలోమీటరు దూరము పోవుసరికి నూటికి ఒక పాలు వెలుగు మిగిలినను వార్తలకు చాలునని ఆయన లెక్కగట్టెను. నాలుగేండ్లలో, అనగా 1970లో, అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు ఆ హద్దును దాటిరి. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. నేటి తంతువులో సుమారు 15 కిలోమీటరులు పోయిన పిమ్మట గూడ సగము వెలుగు మిగిలియుండును. పైపూత తీసినచో దీని మందము 125 మైక్రానులు. వెలుగు నడచు నడిమి దారి సుమారు 9 మైక్రానులు మాత్రమే. మెరుపునకు, వానకు, కొండ అడ్డునకు ఇది లొంగదు. లొంగునది గునపమునకు మాత్రమే. ఆ సంగతి ముందు తెలియగలదు.

పంచాయతీలన్నిటిని ఈ తంతువుతో కలుపవలెనని కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరు 25న నిర్ణయించినది. సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలు, రెండేండ్ల గడువు, సుమారు 20,000 కోట్ల రూపాయల అంచనా. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అని దానికి పేరు పెట్టిరి. 2015లో అది భారత్‌నెట్ అయినది. లక్ష పంచాయతీల మొదటి దశ 2017 డిసెంబరునకు పూర్తియైనది. ఆరు లక్షల గ్రామములకును వేయి దినములలో తంతువు చేరునని 2020 ఆగస్టు 15న ఎర్రకోటనుండి ప్రధానమంత్రి ప్రకటించిరి. ఆ వేయి దినములు 2023 మే నెలలో ముగిసినవి, పని ముగియలేదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకము ఆమోదింపబడినది. 2025 ఆరంభమునాటికి సేవకు సిద్ధమైనట్లు లెక్కకు వచ్చిన పంచాయతీలు 2 లక్షలు దాటినవి. సేవకు సిద్ధమగుట వేరు, సేవ అందుట వేరు.

ఇంత కాలము ఏల పట్టెను? కాగితముమీద గీచిన గీత భూమిమీద కాలువ కావలెను. తంతువును భద్రముగా నుంచుటకు సాధారణముగా 165 సెంటీమీటరుల లోతు కందకము త్రవ్వవలెనని నియమము. నల్లరేగడిలో ఇది సులభము. రాతినేలలో ఒక్కొక్క గజమునకు ఒక్కొక్క పోరాటము. దారిలో రాష్ట్ర రహదారి యొకరిది, పంచాయతీరాజ్ రోడ్డు మరియొకరిది, అడవి వేరొకరిది, రైలుకట్ట ఇంకొకరిది; అందరి అనుమతియు కావలెను. దారిహక్కు నియమములు 2016లో వచ్చినవి. వాటి స్థానమున వచ్చిన క్రొత్త నియమములు 2025 జనవరి 1 నుండి అమలులోనున్నవి. కందకము పూర్తియైన పిమ్మట గొట్టము పరచవలెను, గొట్టములోనికి గాలి ఒత్తిడితో కేబులును పంపవలెను, రెండు కొనలు కలియుచోట యంత్రముతో గాజును కరగించి అతుకవలెను. ఆ అతుకు వేయువాడు పట్టణమునుండి రావలసియున్నచో అతడు వచ్చువరకు కేబులు చుట్టగానే యుండును.

వచ్చిన తంతువు నిలుచుట మరియొక కష్టము. రోడ్డు వెడల్పు చేయువారు, మంచినీటి గొట్టము వేయువారు ఎవరికివారే పొక్లెయినుతో త్రవ్వుదురు. క్రింద నేమున్నదో వారికి తెలియదు. తెలిసినను ఆగువారు కొందరే. మొదటి ఏర్పాటులో బ్లాకు కేంద్రమునుండి పంచాయతీలకు తంతువు పూసల దండవలె ఒకే వరుసలో పోయెను. ఒకచోట తెగినచో దాని ఆవలి ఊళ్లన్నియు చీకటిలో పడుచుండెను. అందుచేతనే సవరించిన పథకములో దానిని వలయముగా మార్చుచున్నారు. ఒక ప్రక్క తెగినను వెలుగు రెండవ ప్రక్కనుండి తిరిగివచ్చును. త్రవ్వబోవు వారు ముందుగా తెలుపుటకు 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను ఫోను ఏర్పాటు వచ్చినది. దానిని వాడవలెనను నిబంధన పనివాని ఒప్పందములో నున్నదా లేదా అని అడుగు సర్పంచి తన ఊరికి మేలు చేసినవాడగును.

మూడవ కష్టము చెప్పుటకు అల్పము, అనుభవించుటకు ఘనము. తంతువు పంచాయతీ కార్యాలయమువరకు వచ్చును. ఉపకేంద్రము ఊరికి రెండవ కొసన ఉండును. ఆ అర కిలోమీటరు ఎవరి బాధ్యత? కార్యాలయమునకు తాళము, తాళపుచెవి కార్యదర్శివద్ద, కార్యదర్శి మరియొక పంచాయతీలో! లోపలి పెట్టెకు కరెంటు పోయినచో బ్యాటరీ కావలెను. బ్యాటరీ పాడైనచో కోట్ల వ్యయముతో వచ్చిన వెలుగు గుమ్మమువద్దనే ఆగిపోవును.

కందకము జోలికి పోకుండ తంతువును కరెంటు స్తంభములమీద వ్రేలాడదీయు మార్గమును ఆంధ్రప్రదేశ్ ఎన్నుకొనినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించిరి. ఇది త్వరితమైనది, ఖర్చు తక్కువ. కాని తీరప్రాంతమునకు గాలివాన లున్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో వేలకొలది స్తంభములను కూల్చినది. స్తంభము కూలినచో దానిమీదిది నిలువజాలదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకములోనే తంతువుకు చోటు కల్పించిరి. ఒకే త్రవ్వకముతో రెండు పనులు జరుగుట వివేకమైన పద్ధతి. కేరళ 2023 జూన్‌లో ప్రారంభించిన తన సొంత ఏర్పాటులో స్తంభములనే వాడుకొనినది. అందరికంటె ఎక్కువకాలము ఎదురుచూచినవారు ద్వీపవాసులని చెప్పవచ్చును. ఉపగ్రహముమీదనే ఆధారపడియుండిన అండమానునకు చెన్నైనుండి సముద్రగర్భమున వేసిన సుమారు 2,300 కిలోమీటరుల కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. లక్షద్వీపమునకు కొచ్చినుండి తంతువు 2024 జనవరిలో చేరినది.

ఎదురుచూచు కాలములో రోగము ఎదురుచూడదు. ఈ విషయమున ప్రజలు తెలిసికొనవలసినవి కొన్ని గలవు. తంతువు రానంత మాత్రమున దూరవైద్యము అసాధ్యమనుట పొరపాటు. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శక సూత్రములు చూపుతోనే గాక, కేవలము మాటతోను, వ్రాతతోను గూడ సలహా నిచ్చుటకు వైద్యునికి అనుమతి నిచ్చుచున్నవి. ఏ పద్ధతిలో ఏ మందు వ్రాయవచ్చునో నిర్ణయించుచున్నవి. గుండె విద్యుత్ చిత్రము, అనగా ఇ.సి.జి., ఫోనులో తీసిన బొమ్మగా పంపినచో చాల చిన్నది. బలహీనమైన సిగ్నలుమీద గూడ నిదానముగా చేరును. కాలిపుండును మంచి వెలుతురులో బొమ్మ తీసి ముందుగా పంపి, పిమ్మట ఫోనులో మాట్లాడుట కదలని చిత్రముతో పెనుగులాడుటకంటె మేలు. మనోవ్యాధులకు 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ 14416 అను సంఖ్యపై మామూలు ఫోనునకే పలుకును.

కాని ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, పాముకాటు, కాన్పులో రక్తస్రావము, ఇట్టివానికి తెర ముందు కూర్చుండి సిగ్నలు కొరకు నిమిషములు గడుపరాదు. వెంటనే 108 బండిని పిలిపించి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. ఎంతటి తంతువైనను బండికి బదులు కాజాలదు.

ఊరిలో త్రవ్వకము మొదలైనప్పుడు ఆరోగ్యమునకు సంబంధించిన జాగ్రత్తలు వేరుగా నున్నవి. వానకాలములో తెరచియుంచిన కందకములో నీరు నిలిచినచో వారము పది దినములలో అందు దోమలు పుట్టును. మలేరియా, డెంగీ తంతువుకంటె ముందుగా ఊరు చేరును. అందుచేత ఏనాటి కందకమును ఆనాడే పూడ్చుడని, వీలుకానిచో నీరు తోడివేయుడని, రాత్రివేళ కంచె, దీపము ఉంచుడని పంచాయతీ పట్టుబట్టవలెను. అతుకువేసిన చోట పడిన గాజుముక్కలు కంటికి ఆనవు. కాలికి గ్రుచ్చుకొనినచో తీయుట కష్టము, కంటిలో పడినచో ప్రమాదము. పనివారు వాటిని మూతగల డబ్బాలో వేయవలెను. అచ్చట అన్నము తినరాదు. తెగిన తంతువు కొనలోనికి పిల్లలు తొంగిచూడకుండ కాపాడవలెను. అందులో నడచునది కంటికి కనబడని కిరణము. వెలుగు కానరాలేదు గనుక భయములేదనుట సరికాదు.

గ్రామీణ ప్రాంతములలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలకును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకును భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బాండు సౌకర్యము కల్పింతుమని 2025 ఫిబ్రవరి 1నాటి కేంద్ర బడ్జెటు ప్రకటించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మైదానములలో 30,000 మందికి ఒకటి. ఉపకేంద్రము దానికి క్రిందిది. ఆ ప్రకటనలో ఉపకేంద్రము ప్రస్తావన లేదు గనుక, తమ ఊరి ఉపకేంద్రమునకు తంతువును పొడిగించు ఏర్పాటు ఉన్నదా అని గ్రామసభలో అడిగి, తీర్మానమును పుస్తకములో వ్రాయించుకొనవలెను. లేనిచో పంచాయతీ కార్యాలయమునుండి ఆ అర కిలోమీటరు కేబులును ఎవరు వేయుదురు, బ్యాటరీని ఎవరు మార్పింతురు అను రెండు పేర్లు కూడ ఆ పుటలోనే వ్రాయించవలెను. కార్యాలయపు రెండవ తాళపుచెవిని ఆరోగ్యాధికారిణి వద్ద నుంచుటకు ఏ పథకము కొరకును ఎదురుచూడ నక్కరలేదు.