గ్యాసు సిలిండర్ల నెచ్చట నుంచవలెను?

గడ్డివామిని ఇంటికి దూరముగ వేయుట మన పెద్దల ఆచారము. పొయ్యిలోని నిప్పురవ్వ వామిని చేరరాదని వారి జాగ్రత్త. నేడు కట్టెల పొయ్యి పోయి గ్యాసు పొయ్యి వచ్చినది. కాని ఆ పూర్వపు జాగ్రత్త సిలిండరు విషయమున మనకు కలుగుట లేదు. వాడుకలో లేని సిలిండరును పశువుల కొట్టములోనో, గడ్డి ప్రక్కనో నిలుపువారు మనలో గలరు.

హిమాయత్ సాగరు చెంతనున్న కొత్వాల్‌గూడవారును, శంషాబాదు పరిసర గ్రామములవారును దీనిని ముఖ్యముగ గమనింపవలయును. 2008లో విమానాశ్రయము తెరువబడిన పిదప ఈ ప్రాంతమున హోటళ్లు, ఫంక్షన్‌హాళ్లు, ఫారంహౌసులు పెరిగినవి. పొలము గట్టుననే పెండ్లివంటలు సాగుచున్నవి. తన కొట్టమును అద్దెకిచ్చిన రైతు అందేమి నిలువజేయుచున్నారో తెలిసికొని యుండుట మేలు.

సిలిండరులోనిది ప్రోపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవరూపమున నుండును. బయటికి వచ్చినంతనే సుమారు రెండువందల యేబదింతలుగా వ్యాపించును. ఇది గాలికంటె బరువైనది. నీరు పల్లమెరిగినట్లే ఈ వాయువును పల్లమెరుగును. నేలమాళిగలలో, గుంతలలో, కాలువలలో నిలిచిపోవును. నూరుపాళ్లలో రెండుపాళ్లు గాలితో కలిసిన చాలును, నిప్పంటుకొనును. దీనికి సహజముగ వాసన లేదు. కారినపుడు తెలియుటకై దుర్వాసన గల ద్రవ్యమును కలుపుదురు.

ఇక చట్టము మాట. 2016 సంవత్సరపు గ్యాసు సిలిండర్ల నిబంధనల ననుసరించి, ఒకచోట ఒకే సమయమున 100 కిలోలకు మించి ఈ వాయువును నిలువ యుంచుటకు లైసెన్సు కావలయును. ఇంటి సిలిండరున 14.2 కిలోలుండును గాన, ఏడు సిలిండర్లకు 99.4 కిలోలు, ఎనిమిదవది చేరిన హద్దు దాటును. వ్యాపారమునకైన 19 కిలోల సిలిండర్లు ఐదింటికి 95 కిలోలు, ఆరవది కూడదు. ఇంటికిచ్చిన సిలిండరును హోటలున గాని పెండ్లివంటకు గాని వాడుట 2000 సంవత్సరపు ఉత్తర్వుచే నిషిద్ధము.

నిలువజేయు చోటు చల్లగను, పొడిగను, గాలి యాడునట్లును ఉండవలయును. సిలిండరును నిలువుగనే యుంచవలెను, పండబెట్టరాదు. గడ్డి, గోనెసంచులు, డీజిలు, ఎండిన కట్టెలు దరిని ఉండరాదు. వట్టి సిలిండరునందును కొంత వాయువు మిగిలియుండును. దానికిని మూత బిగింపవలెను.

ఈ జాగ్రత్త యేల యన, 2023 ఏప్రిల్ 12వ తేదీన ఖమ్మం జిల్లా చీమలపాడులో జరిగినది చూడుడు. ఒక రాజకీయ సభ సందర్భమున కాల్చిన బాణసంచా రవ్వలు సమీపపు గుడిసెపై బడినవి. మంటల నార్పుటకు జనులు చేరిరి. గుడిసెలోని సిలిండరు ప్రేలెను. కొందరు ప్రాణములు గోల్పోయిరి. మరికొందరు తీవ్రముగ గాయపడిరి. నిప్పు తగిలిన సిలిండరులో ఒత్తిడి పెరిగి తుదకు లోహమే చీలిపోవును. అది గుడిసెలో నున్నదని తెలియక దరిజేరినవాడు తోటివారికి సాయపడబోయి తానే బలి యగును.

కావున సభ్యులు మూడు పనులు చేయుదురు గాక. మొదటిది, సిలిండర్లను గడ్డికప్పు క్రిందనుండి నేడే తొలగించుట. రెండవది, అవి యెచ్చటనున్నవో ఇంటిల్లిపాదికిని పొరుగువారికిని తెలుపుట. మూడవది, అగ్ని పుట్టినచో ఆర్పవచ్చినవారికి మొదటి మాటగ ఆ సంగతి చెప్పి, వారిని దూరముగ నిలిపి, 101కి ఫోను చేయుట. వాయువు కారుచున్న వాసన వచ్చినచో విద్యుద్దీపపు మీటను వేయవద్దు, ఆర్పవద్దు. రెగ్యులేటరును కట్టి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు తెలుపవలయును.

వామికి చూపిన జాగ్రత్తను సిలిండరునకును చూపుటకు ఖర్చేమియు లేదు.