బంగ్లాదేశ్‌లో భారతీయ పత్తి విత్తన వ్యాపారము

బంగ్లాదేశ్‌లో భారతీయ పత్తి విత్తన వ్యాపారము అనగా భారతదేశపు విత్తన సంస్థలు తమ సంకర, బీటీ పత్తి విత్తన పరిజ్ఞానమును తూర్పు పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌కు విస్తరింపజేయు ప్రయత్నము. 2023 మే నెలలో, హైదరాబాదు కేంద్రముగా పనిచేయుచుండిన జె.కె. అగ్రి జెనెటిక్స్ సంస్థకు చెందిన రెండు బీటీ పత్తి సంకర రకముల సాగుకు ఆ దేశ ప్రభుత్వము అనుమతినిచ్చినది. భారత నూలుకు బంగ్లాదేశ్ అతి పెద్ద కొనుగోలుదారు కనుక చిలకలూరిపేట, గుంటూరు ప్రాంతపు పత్తి వర్తకులకు, నూలు మిల్లుల వారికి ఆ దేశము కొత్త కాదు. అయితే నూలు అంతగా కొను దేశము విత్తనము కూడ అంతగా కొనునా అన్నది వేరే ప్రశ్న.

నేపథ్యము

చిలకలూరిపేట 16వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణము. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోను, అటుపిమ్మట పల్నాడు జిల్లాలోను ఉన్నది. చుట్టుపట్ల నల్లరేగడి నేలలు, నాగార్జునసాగర్ కుడి కాలువ క్రింది ఆయకట్టు కలవు. పత్తి, మిరప, పొగాకు ఇచ్చటి ముఖ్యమైన వాణిజ్య పంటలు.

కొత్త విత్తనము, కొత్త మందు వచ్చినపుడు లాభనష్టములు ఎవరికి ఎట్లు చేరునో ఈ ప్రాంతము ముందుగానే చూచినది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనము చేసినది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకును లొంగలేదు. పదే పదే కొట్టిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు అది అలవాటుపడుటయే ఇందుకు ప్రధాన కారణము. అప్పులపాలైన రైతులు పలువురు ఆత్మహత్య చేసుకొనిరి. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వము బీటీ పత్తికి అనుమతి ఇచ్చినపుడు ఇచ్చటి రైతులు దానివైపు త్వరగా మొగ్గుటకు ఈ అనుభవమే కారణము.

తరువాతి తగవు ధర గురించినది. 1,600 రూపాయలకు పైగా పలికిన విత్తన పొట్లమును 750 రూపాయలకే అమ్మవలెనని 2006లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించినది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చినది. ఇది రైతుకు మేలు. విత్తన సంస్థలకు మాత్రము స్వదేశములో ధర పెంచుకొను దారి మూసుకొనిపోయినది. అవి పొరుగు దేశములవైపు చూచుటకు గల కారణములలో ఇది ఒకటి.

బేళ్ళ లెక్క, ఎకరముల లెక్క

పొరుగు దేశమును అంచనా వేయునపుడు పొరపడుటకు ఎక్కువ అవకాశము ఇచ్చటనే ఉన్నది. బంగ్లాదేశ్ మిల్లులు ఏటా సుమారు 80 లక్షల బేళ్ళ (బేలు 218 కిలోలు) పత్తిని దిగుమతి చేసుకొనును. దేశములో పండునది అవసరములో నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు. ఈ అంకెలను మాత్రమే చూచువారికి అది అంతులేని విపణిగా తోచును. కాని విత్తనము కొనునది మిల్లు కాదు, రైతు. బంగ్లాదేశ్‌లో పత్తి సాగయ్యే భూమి సుమారు 45,000 హెక్టార్లు, అనగా 1.1 లక్షల ఎకరములు. ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే మంచి సంవత్సరములలో ఇంతకంటె ఎక్కువ విస్తీర్ణములో పత్తి వేసిరి.

ఎకరమునకు రెండు పొట్లముల చొప్పున లెక్కించినను, ప్రతి రైతు ఒకే సంస్థ విత్తనము కొన్నను, మొత్తము అమ్మకము 2.2 లక్షల పొట్లములు. భారతదేశములో ఏటా అమ్ముడగు పొట్లములు 4 కోట్లకు పైమాటే. బంగ్లాదేశ్ విపణి అంతా కలిపినను అందులో నూటికి ఒక పాలు కూడ కాదు. కనుక ఈ వ్యాపారము అక్కడి సాగు విస్తీర్ణము పెరుగునన్న ఆశమీద నిలిచియున్నది.

నేల, ఋతువు

విస్తీర్ణము పెరుగుట సులభము కాదు. బంగ్లాదేశ్ భూములలో ఎక్కువ భాగము పల్లపు భూములు, వర్షాకాలములో నీట మునుగును. పత్తికి ముంపు పనికిరాదు. జెస్సోర్, కుష్టియా, చువాడాంగా వైపు మెరక భూములు పత్తికి అనువైనవి. చిట్టగాంగ్ కొండ ప్రాంతములలో కొండ పత్తి వేరుగా పండును. జూలై, ఆగస్టు నెలలలో విత్తిన పైరు చలికాలము వరకు పొలములోనే ఉండును. చిన్న కమతముల రైతు అదే కాలములో కూరగాయలు, మొక్కజొన్న వంటి పంటలతో త్వరగా డబ్బు చూడగలడు. ఆరు నెలల పంటను ఎన్నుకొనమని అతనిని ఒప్పించవలెనన్న దిగుబడి ఒక్కటే చాలదు, తక్కువ కాలములో కోతకు వచ్చు రకము కావలెను. నల్లరేగడిలో బాగుగా పండిన రకము ఒండ్రు నేలలో అదే విధముగా పండునని చెప్పలేము. అందువలన అక్కడి పొలములలోనే పలు సంవత్సరములు పరీక్షించక తప్పదు.

అనుమతులు

పాకిస్తాన్ నుండి విడిపోయిన పిదప, అటు నుండి వచ్చు పత్తి ఆగిపోయిన స్థితిలో, 1972లో బంగ్లాదేశ్ పత్తి అభివృద్ధి మండలిని స్థాపించినది. కొత్త రకముల పరీక్షలు ఈ మండలి ద్వారా జరుగును. జన్యుమార్పిడి పంటకు జాతీయ జీవభద్రతా సంఘము ఆమోదము కూడ కావలెను.

జన్యుమార్పిడి పంటల విషయమున ఆ దేశము భారత్ కంటె చొరవ చూపినదనుటకు వంకాయ నిదర్శనము. మహారాష్ట్రలోని జాల్నాకు చెందిన మహికో సంస్థ పరిజ్ఞానముతో తయారైన బీటీ వంకాయను భారత ప్రభుత్వము 2010 ఫిబ్రవరిలో నిలిపివేసినది. అదే పరిజ్ఞానము గల వంగ రకములకు బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అనుమతినిచ్చి, 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు పంచినది. అయితే ఆ వంగ రకములు ప్రభుత్వ పరిశోధనా సంస్థవి. రైతు తన పంట నుండి విత్తనము దాచుకొనవచ్చును. సంకర పత్తి అట్లు కాదు, ఏటా కొనవలసినదే. అనుమతి సులభముగా దొరకుట వేరు, దానినుండి ఆదాయము వచ్చుట వేరు.

విత్తనము ఎక్కడ తయారు చేయవలెననునది మరియొక ప్రశ్న. సంకర పత్తి విత్తనమునకు ఒక్కొక్క మొగ్గలోని కేసరములను చేతితో తీసివేసి, మరునాడు మగ మొక్క పుప్పొడిని అద్దవలెను. గద్వాల, నంద్యాల ప్రాంతములలో ఈ పనిలో ఆరితేరిన కూలీలు కలరు. కొత్త దేశములో ఇటువంటి నైపుణ్యమును పెంచుటకు ఏండ్లు పట్టును. కనుక మొదట తయారైన విత్తనమునే ఎగుమతి చేయుట లాభకరము. కాని అపుడు ప్రతి ఋతువునకు సరిహద్దు మీద ఆధారపడవలసివచ్చును.

పురుగు, సరిహద్దు

జె.కె. సంస్థ పరిజ్ఞానము ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన ఒకే బీటీ జన్యువుపై ఆధారపడినది. భారత్ దీనిని 2006లో అనుమతించినది. ఒకే జన్యువు గల పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకొనుచున్నట్లు 2010లో గుజరాత్‌లో బయటపడినది. తరువాత రెండు జన్యువుల పత్తి కూడ దానికి లొంగినది. బంగ్లాదేశ్‌లో శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు ప్రధాన సమస్యలు. వీనిలో లద్దె పురుగుపై ఒకే జన్యువు ప్రభావము స్వల్పము. విత్తన పొట్లముపై ఈ సంగతి స్పష్టముగా తెలుపనిచో, మందులు కొట్టనవసరము లేదని నమ్మిన రైతు నష్టపోవును. చిలకలూరిపేట ప్రాంతపు రైతుకు ఇది వివరించి చెప్పనక్కరలేని విషయము.

చెల్లింపుల విషయమున 2022 నుండి బంగ్లాదేశ్‌లో డాలర్ల కొరత ఏర్పడి, బ్యాంకు పరపతి పత్రములు జాప్యమైనవి. 2024 ఆగస్టులో ప్రభుత్వము కూలినది. 2025 ఏప్రిల్‌లో భారత నూలు భూమార్గపు రేవుల గుండా రాకుండ ఆ దేశము నిషేధించినది. సముద్ర మార్గము మిగిలినది. నూలు కొన్ని వారములు ఆలస్యమైనను చెడదు. విత్తనము విత్తు సమయము దాటి చేరినచో ఆ ఏటికి అమ్ముడుపోదు, మరుసటి ఏటికి మొలకశాతము తగ్గును.

ఇతర పొరుగు దేశములు

పాకిస్తాన్‌లో పత్తి విస్తీర్ణము ఎంతో పెద్దది, 2010లో బీటీ పత్తిని అనుమతించినది. కాని భారత్‌తో వాణిజ్యము 2019 నుండి నిలిచిపోయినది. మయన్మార్ తన సొంత బీటీ రకమైన న్గ్వే చి-6ను ప్రభుత్వము ద్వారానే పంచినది. శ్రీలంక, నేపాల్‌లలో పత్తి సాగు నామమాత్రము.