ఖరీదైన వాహనం: దాని అసలు వెల ఎంత?

 

గడచిన నెలలో జుమా నమాజు ముగిసిన పిమ్మట ఒక సోదరుడు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. "మౌలానా సాబ్, 70 లక్షల కారు కొనాలని ఉంది. అప్పు చేయడం లేదు, వడ్డీ జోలికి పోవడం లేదు. సొమ్ము చేతిలో ఉంది. ఇది హరామా?" అని అడిగారు. కాదన్నాము. "మరి అంత సొమ్ము పెట్టదగిన వస్తువేనా?" అన్నారు. మొదటి ప్రశ్నకు ఒక్క మాట సరిపోయింది. రెండవది ఈ నాటి ప్రసంగానికి కారణమయ్యింది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. మంచి వాహనాన్ని ఇస్లాం ఏవగించుకోలేదు. దివ్యఖుర్ఆన్ 16వ సూరా 8వ ఆయతులో అల్లాహ్ గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కొరకే గాక అలంకారం కొరకు కూడా సృష్టించినట్లు తెలిపాడు. మనిషికి తెలియని వాటిని ఇంకా సృష్టిస్తాడని కూడా అక్కడే ఉంది. తాను దాసునికి ప్రసాదించిన అనుగ్రహం అతనిపై కనిపించడం అల్లాహ్‌కు ఇష్టమని తిర్మిజీ హదీసు. సౌకర్యవంతమైన వాహనాన్ని విశాలమైన ఇల్లు, మంచి పొరుగువాడు, సుశీల అయిన భార్యతో పాటు సౌభాగ్యాలలో ఒకటిగా లెక్కించిన హదీసు ఇబ్ను హిబ్బాన్‌లో కలదు. కనుక మస్జిదు ముందు పెద్ద కారు ఆగగానే "దునియాదారీ మనిషి" అని పెదవి విరవడం మనకు తగదు. అసూయ కూడా ఒక్కోసారి దైవభీతి దుస్తులు ధరించి వస్తుంది.

ఇక లెక్కకు వద్దాము. పెట్రోలు, డీజిలుతో నడిచే పెద్ద కార్లపై 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. 40 శాతం. అనగా షోరూములో 70 లక్షలు చెప్పే కారులో వస్తువు ధర 50 లక్షలు, పన్ను 20 లక్షలు. దానిపై రాష్ట్ర ప్రభుత్వానికి చెల్లించే జీవిత పన్ను, బీమా కలిపితే రోడ్డెక్కేసరికి ఖర్చు 80 లక్షలు దాటుతుంది. బీమా సంస్థలు వాహనపు విలువను లెక్కగట్టే పట్టికను చూడండి. కొన్న ఆరు నెలలు దాటగానే 15 శాతం, రెండేళ్ళు దాటితే 30 శాతం, నాలుగేళ్ళు దాటి అయిదవ ఏడు నడుస్తుండగా 50 శాతం తరుగు. అయిదేళ్ళలో 35 లక్షలు కరగడమంటే, ఆ కారును ఇంటి ముందు కదలకుండా నిలిపి ఉంచినా రోజుకు దాదాపు 1,900 రూపాయలు పోతున్నట్లే. ఇంధనం, టైర్లు, సర్వీసింగు దీనికి అదనం.

జకాత్ విషయం కూడా ఆలోచించండి. 70 లక్షలు ఏడాది పాటు నిలువ ఉంటే అందులో పేదల హక్కు 1,75,000 రూపాయలు. అదే సొమ్ము సొంత వాడకపు కారుగా మారితే దానిపై జకాత్ లేదు. ఇది ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు, అందులో తప్పేమీ లేదు. కానీ జకాత్ సంవత్సరం పూర్తి కావడానికి పది రోజుల ముందు హడావుడిగా కారు బుక్ చేసేవారూ ఉన్నారు. వారి సంకల్పం ఏమిటో మనకన్నా అల్లాహ్‌కు బాగా తెలుసు.

ఇంత పోసి కొన్నవారికి లభించేదేమిటి? భద్రత అంటారు. నిజమే, ప్రాణరక్షణ షరీఅతు లక్ష్యాలలో ఒకటి. అయితే మన దేశంలో జరుగుతున్న భారత్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలలో 10, 15 లక్షల కార్లు కూడా 5 నక్షత్రాలు పొందాయి. వేగం అంటారు. గంటకు 250 కిలోమీటర్లు పోగల వాహనమైనా హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై 120 దాటరాదు. సౌఖ్యం అంటే మాత్రం ఒప్పుకుంటాము. వెన్నునొప్పితో బాధపడే తల్లిని కర్నూలు నుండి హైదరాబాదుకు తరచు వైద్యానికి తీసుకువెళ్ళేవానికి మెత్తని వాహనం విలువ ఏమిటో అతనికే తెలుసు. ఆ సౌఖ్యంలో చాలా భాగం అంతకన్నా ఎంతో తక్కువ ధరలోనే దొరుకుతుంది. మిగిలిన వ్యత్యాసం దేనికి చెల్లిస్తున్నట్లు? నిజాయితీగా చెప్పుకుంటే, చాలా వరకు అది చూసేవారి కళ్ళ కొరకు చెల్లించే వెల.

ఆ కళ్ళ గురించి ఖుర్ఆన్ 28వ సూరాలో ఖారూన్ వృత్తాంతం ఉంది. అతడు తన వైభవమంతా ప్రదర్శిస్తూ వీధిలోకి వచ్చినపుడు, ప్రాపంచిక జీవితాన్ని కోరేవారు తమకూ అటువంటి సంపద ఉంటే ఎంత బాగుండునని తహతహలాడారు. అతడు తన ఇంటితో సహా భూమిలోకి కూరుకుపోయిన మరునాడు వారే ఆ మాట వెనక్కు తీసుకున్నారు. జనుల చూపు అంత త్వరగా మారుతుంది.

దైవప్రవక్త (సఅసం) వద్ద 'అద్‌బా' అనే ఆడ ఒంటె ఉండేది. పరుగులో దానిని మించినది లేదు. ఒకనాడు ఒక ఎడారివాసి చిన్న ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. సహచరులకు అది బాధ కలిగించింది. ప్రవక్త (సఅసం) దానిని గ్రహించి, లోకంలో పైకి లేచిన ప్రతి దానినీ కిందికి దించడం అల్లాహ్ తనపై విధించుకున్న నియమమని బోధించారు. అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. ఓడినది సాక్షాత్తు ప్రవక్త వాహనం! మన కారుకు ఎదురుగా ఇంకా పెద్ద కారు వచ్చి నిలిచినపుడు మనసు చివుక్కుమంటే, ఈ హదీసును గుర్తుచేసుకోవడం మంచిది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ కారును చూసి ఉంటారు. లోపల సింహాసనం వంటి ఆసనం ఉంటుంది. దానిని చేయించమని ఆజ్ఞాపించినవారు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. అది తయారై రాకముందే, 1911 ఆగస్టులో ఆయన మరణించారు.

అయితే వాహనానికి కొలమానం ఏది? అబూ హురైరా (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైన గుర్రాల హదీసు మాకు ఇక్కడ దారి చూపుతుంది. గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి పరదా, ఒకరికి పాపభారం అని ప్రవక్త (సఅసం) వివరించారు. అల్లాహ్ మార్గం కొరకు దానిని పెంచినవానికి అది మేసిన గడ్డి, తాగిన నీరు సయితం పుణ్యంగా వ్రాయబడతాయి. ఒకరి ముందు చేయి చాచకుండా బ్రతకడానికి పెంచుకొని, దానిపై అల్లాహ్‌కు గల హక్కును మరువనివానికి అది పరదా. గర్వంతో, ప్రదర్శన కొరకు, ముస్లింల పట్ల వైరంతో పెంచినవానికి అది భారం. గమనించండి, గుర్రం ఖరీదు ఎంత అన్న ప్రస్తావన ఈ హదీసులో ఎక్కడా లేదు. 70 లక్షల కారు మొదటి వరుసలో నిలవవచ్చు, 7 లక్షల కారు మూడవ వరుసలో పడవచ్చు. వాహనపు వీపుపై అల్లాహ్ హక్కు అంటే అవసరమైనవారికి దానిని ఎరువివ్వడమని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. అర్ధరాత్రి పొరుగింటి గర్భిణిని ఆసుపత్రికి చేర్చడానికి తాళం ఇవ్వగలమా, సీటు పాడవుతుందని వెనుకాడతామా?

అప్పుతో కొనేవారి విషయం వేరు. 50 లక్షల రుణం 9 శాతం వడ్డీకి, 7 ఏళ్ళ గడువుకు తీసుకుంటే నెలకు సుమారు 80,400 రూపాయలు కట్టాలి. చివరకు కట్టేది 67 లక్షల 50 వేలకు పైనే. వడ్డీ తినేవానిని, ఇచ్చేవానిని, ఆ పత్రం వ్రాసేవానిని, సాక్షులను ప్రవక్త (సఅసం) శపించారని ముస్లిం హదీసు. ప్రాణాపాయ వైద్యం వంటి అగత్యాల గురించి పండితుల మధ్య చర్చ ఉంది. కానీ విలాసవంతమైన కారును ఏ పండితుడూ అగత్యాల జాబితాలో చేర్చడు. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఎండకు చెమటోడ్చి వచ్చిన మన యువకులు ఊరిలో తలెత్తుకోవడానికి ఈ ఊబిలో దిగడం చూస్తుంటే మాకు కోపం కన్నా జాలే ఎక్కువ కలుగుతుంది. పెళ్ళిలో అల్లునికి కారు ఇవ్వాలని ఆడపిల్ల తండ్రిని ఇరికించేవారిపై మాత్రం జాలి కలగడం లేదు.

ఇక అసలు విషయం. ఒక జనాజా వచ్చినపుడు మృతునిపై మూడు దీనార్ల అప్పు ఉందని తెలిసి, ప్రవక్త (సఅసం) తాను నమాజు చేయించక, మీరే చేయించండని సహచరులతో అన్నారు. ఆ అప్పు బాధ్యత తనదని అబూ ఖతాదా (రజి) ఒప్పుకున్న తరువాతనే ఆయన ముందుకు వచ్చారు. మూడు దీనార్లు! మనలో ఎందరు ఇరవై ఏళ్ళుగా భార్యకు మహర్ బాకీ ఉండి కూడా కారు మోడల్ మారుస్తున్నారు?

పైన చెప్పిన సోదరుడిని మేము కూడా ఒక ప్రశ్న అడిగాము. ఆ సొమ్ము ఎక్కడిది? రహదారి పక్కన నాన్నగారి పొలం ఉండేది, ఈ మధ్య 90 లక్షలకు అమ్ముడుపోయింది అన్నారు. తల్లి అంతకు ముందే మరణించారు. తండ్రికి అప్పులు, వీలునామా లేవు. వారసులు తానూ, ఇద్దరు చెల్లెళ్ళూ మాత్రమే. "వారి వాటా ఇచ్చారా?" అంటే, "వాళ్ళు అడగలేదు, మౌలానా. పెళ్ళిళ్ళు ఘనంగా చేశాము కదా" అన్నారు.

పెళ్ళి ఖర్చు వారసత్వ వాటాకు బదులు కాదు. సోదరి అడగకపోవడం ఆమె వదులుకున్నట్లూ కాదు. అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయంతో నోరు మెదపనివారే మన ఇళ్ళలో ఎక్కువ. నిసా సూరా 11వ ఆయతు ఈ వాటాలను మన ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టలేదు. వాటా ఆమె చేతికి అందిన తరువాత, ఆమె మనస్ఫూర్తిగా తిరిగి ఇస్తే అది కానుక. అంతకు ముందు ఆ సొమ్ముతో కొన్నది ఎంత అందమైన కారైనా అందులో ఇద్దరు చెల్లెళ్ళ సీట్లు ఉన్నాయి.

ఆ సోదరుడు చాలాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళిపోయారు. తరువాతి శుక్రవారం మళ్ళీ వచ్చి, పొలం అమ్మకపు కాగితాలు మా ముందు ఉంచి లెక్క వేయమన్నారు. ఆయనకు 45 లక్షలు, చెల్లెళ్ళకు ఒక్కొక్కరికి 22 లక్షల 50 వేలు అని వ్రాసి ఇచ్చాము. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, పెద్ద చెల్లెలు ఉండేది గుంటూరులోనని, మరునాడు ఉదయం బస్సుకు బయలుదేరుతున్నానని చెప్పారు.