ముఖానికి రాసుకున్నది మూసీ దాకా పోతుంది

ఎండాకాలం వచ్చిందంటే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్‌కు తిరిగే విద్యార్థులు, పంజాగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడే ఉద్యోగినులు సన్‌స్క్రీన్ లోషన్ రాసుకోవడం మామూలైంది. ఎండ నుండి చర్మాన్ని కాపాడుకోవడం మంచిదే. అయితే ట్యూబు వెనుక చిన్న అక్షరాల్లో ఏముందో మనలో ఎందరు చదువుతున్నారు?

కొన్ని లోషన్లలో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉంటుంది. దీనికే బెంజోఫినోన్-3 అని మరో పేరు. ఇది లేత పసుపు రంగు పొడి. నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని వేడిగా మార్చి వదిలేస్తుంది. అందువల్ల చర్మం కమలదు.

కానీ నూనెలో కరిగే గుణం వల్ల ఇది చర్మం పైనే ఆగిపోదు. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 24 మందిపై పరీక్ష జరిపింది. రోజుకు నాలుగుసార్లు ఒంటినిండా రాసుకున్నవారి రక్తంలో ఇది మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల హద్దును 300 రెట్లకు పైగా దాటింది. ఆ హద్దు దాటితే మరిన్ని భద్రతా పరీక్షలు కావాలని అర్థం. హాని జరిగిందని కాదు. కొందరికి మాత్రం ఎండ తగిలిన చోట దురద, దద్దుర్లు వస్తాయి.

స్నానం చేసినప్పుడు మిగిలినది ఏమవుతుంది? మన మోరీల నీరు చివరకు మూసీకి చేరుతుంది. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో, కృష్ణ బంగాళాఖాతంలో కలుస్తాయి. మురుగు శుద్ధి కేంద్రాలు ఇలాంటి రసాయనాలను పూర్తిగా తీసివేయలేవు. ప్రయోగశాలలో ఎక్కువ మోతాదుకు గురిచేసిన చేపల గుడ్లు తక్కువగా పొదిగాయి. పగడపు జీవులకు దగ్గరి బంధువులైన సముద్రపు పూలు దీన్ని తమ శరీరంలో, ఎండ తగిలితే విషంలా పనిచేసే పదార్థంగా మారుస్తాయని 2022లో తేలింది. పలావు దేశం 2020 నుండి, హవాయి రాష్ట్రం 2021 నుండి ఆక్సీబెంజోన్ ఉన్న లోషన్ల అమ్మకాన్ని నిషేధించాయి.

అలాగని భయపడి లోషన్ మానేయనక్కరలేదు. ఈ జాగ్రత్తలు పాటించండి:

* కొనేముందు లేబుల్ చదవండి. ఆక్సీబెంజోన్ గానీ, బెంజోఫినోన్-3 గానీ ఉంటే జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది అడగండి. ముఖం కాస్త తెల్లగా కనిపించినా పరవాలేదు.
* పదకొండు నుండి మూడు గంటల మధ్య వీలైనంత వరకు నీడపట్టున ఉండండి.
* గొడుగు, పొడవు చేతుల చొక్కా, తలకు చున్నీ వాడండి. వీటిలో మోరీలోకి పోయేదేమీ లేదు.
* ఆరు నెలలలోపు పసిబిడ్డలకు లోషన్ రాయకండి, నీడలోనే ఉంచండి.
* రాసుకున్నచోట దద్దుర్లు వస్తే వాడకం ఆపి, ఆ ట్యూబు తీసుకొనే డాక్టరు దగ్గరకు రండి. కారణం కనుక్కోవడం తేలికవుతుంది.