కారు వెనక దీపం వెలగకపోతే...

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ రోజుల్లో కారు నడిపే ఇల్లాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పిల్లల్ని స్కూల్లో దింపడం, కూరలు తేవడం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం అన్నీ మన పనులే కదా! బండిని ముందుకు పోనివ్వడం సులువే. వెనక్కి తీసేటప్పుడే గుండె దడదడలాడుతుంది. కారు వెనకే మూడేళ్ళ పిల్లవాడు కూర్చుని ఆడుకుంటుంటే డ్రైవరు సీట్లోంచి కనబడనే కనబడడు. అపార్టుమెంటు సెల్లారులో బంతి వెంట పరిగెత్తే పిల్లలకు “ఈ కారు వెనక్కి వస్తోంది, తప్పుకోండి” అని చెప్పేది ఆ తెల్ల దీపమే. అది వెలగకపోతే రేపు చూద్దాంలే అనుకోకూడదు.

ఇంతకీ మనం రివర్సు గేరు వేశామని దీపానికెలా తెలుస్తుంది? ఫ్రిజ్ తలుపు తీయగానే లోపల బల్బు వెలుగుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. గేరుబాక్సుకు ఒక చిన్న స్విచ్చి బిగించి ఉంటుంది. రివర్సు గేరు పడగానే అది నొక్కుకుని దీపానికి కరెంటు వెళుతుంది. చాలా బళ్ళలో కెమెరా, బీప్ బీప్‌మనే సెన్సార్లు కూడా ఈ సంకేతం అందితేనే పనిచేస్తాయి. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు.

కాబట్టి ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. మూడూ ఒకేసారి మూగబోతే లోపం మొదట్లోనే, అంటే ఫ్యూజులోనో, స్విచ్చిలోనో, తీగలోనో ఉండవచ్చు. ఒక్కటే పనిచేయకపోతే ముందు దాన్నే చూడాలి.

మా పక్కవాటా ఆవిడ కారులో తెరమీద బొమ్మ రావడం మానేసింది. షాపులో చూపిస్తే “కెమెరా పోయిందమ్మా, కొత్తది వేయాలి” అన్నారట. “దీపం వెలుగుతోందా వదినా?” అని అడిగాను. అదీ లేదు. కెమెరా పోతే దీపమెందుకు ఆరిపోతుంది చెప్పండి? వేరేచోట చూపిస్తే డిక్కీ తలుపు మడత దగ్గర తీగ తెగి ఉంది. అక్కడి రబ్బరు గొట్టంలోంచి వెళ్ళే తీగలు తలుపు తీసి వేసినప్పుడల్లా వంగి వంగి తెగుతుంటాయి.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. చదునైన చోట కారు నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవి ‘ఆన్’ వరకే తిప్పి, క్లచ్చి తొక్కి రివర్సు గేరు వేయండి. చూసేవారిని పక్కన నిలబెట్టండి, వెనకాల వద్దు.

రెండు దీపాల్లో ఒకటే వెలిగితే బల్బు పోయి ఉంటుంది. కొన్ని కార్లకు ఉండేదే ఒకటి, కారుతో ఇచ్చిన పుస్తకం చూసుకోండి. కొత్త బల్బు పాతదాని వాట్లదే కావాలి.

ఏదీ వెలగకపోతే తాళం ఆపేసి ఫ్యూజు చూడండి. ఏ పెట్టెలో, ఎన్నో నంబరుదో పుస్తకంలో ఉంటుంది. లోపలి సన్నని తీగ తెగి ఉంటే అదే అంకెది వేయాలి. మామూలుగా ఎర్రది 10 ఆంపియర్లు, నీలంది 15. పదికి బదులు పదిహేను వేస్తే తీగలు వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. కొత్త ఫ్యూజూ పోతే ఎక్కడో తీగ ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందన్నమాట. ఇక మెకానిక్కు దగ్గరికే వెళ్ళాలి.

ఫ్యూజు బాగానే ఉంటే గేరు కడ్డీని రివర్సులోనే ఇంకాస్త నొక్కి పట్టండి. అప్పుడు వెలిగితే గేరు సరిగా పడటం లేదు, లేదా స్విచ్చి అరిగింది. డిక్కీ తలుపు ఎత్తి దించుతుంటే మినుకుమినుకుమంటే అక్కడి తీగను అనుమానించాలి.

ఇవేవీ కాకపోతే స్విచ్చి వంతు. దాన్ని మీరు విప్పకండి, చాలా కార్లలో గేరు ఆయిలు కారిపోతుంది. “మీటరు పెట్టి స్విచ్చి చూశావా నాయనా?” అని మెకానిక్కును అడగండి. ఆటోమేటిక్ గేరు కార్లలో ఈ పని వేరే సెన్సారుది. దాన్ని కంప్యూటరు పెట్టి చూస్తారు.

గేరు తీసినా దీపం వెలుగుతూనే ఉంటే అదీ లోపమే. స్విచ్చి ఇరుక్కుపోయి ఉండవచ్చు. వెనకవాళ్ళు నిజంగానే వస్తున్నారనుకుని కంగారు పడతారు. నాలుగు రోజులకు అలవాటైపోయి అసలు పట్టించుకోరు, అది మరీ ప్రమాదం.

బాగు చేయించేదాకా బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పక్కన ఎవరినైనా నిలబెట్టి, హారను కొట్టి, మెల్లగా వెనక్కి తీయండి. దీపం బాగుపడ్డాక కూడా ఆ చుట్టూ చూసే అలవాటు మాత్రం మానకండి.